వరద వచ్చినప్పుడు ఊళ్లోని చిన్న సేవాసంఘం ఏం చేయాలి: సమగ్ర మార్గదర్శి

2024 ఆగస్టు 31న కురిసిన వానకు బుడమేరు వాగు పొంగి గండ్లు పడ్డాయి. సెప్టెంబరు 1న విజయవాడలో సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ, పాయకాపురం వైపు కాలనీలకు కాలనీలే మునిగిపోయాయి. అదే రోజు ఖమ్మంలో మున్నేరు ఇళ్ల మీదికి వచ్చింది. మర్నాడు కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఆ బ్యారేజీ కట్టినప్పటి నుంచి అంత నీరు ఎప్పుడూ రాలేదు.

ఆ రోజుల్లో బెజవాడకు సాయం చేసేవాళ్లు తక్కువై ఇబ్బంది పడలేదు. పులిహోర పొట్లాలు, నీళ్ల బాటిళ్లు, పాలప్యాకెట్లు వ్యాన్ల మీద వ్యాన్లు వచ్చాయి. వచ్చినవి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా వచ్చి ఆగాయి. ఒడ్డున ఉన్నవాళ్లకు మళ్లీ మళ్లీ అందాయి, లోపలి సందుల్లో మేడలెక్కి కూర్చున్నవాళ్లు మాత్రం ఆకలితో అరిచారు. చివరికి డ్రోన్లతో కూడా ఆహారం పంపాల్సి వచ్చింది.

చిన్న సంస్థ పని అర్థం కావాలంటే ఈ ఒక్క సంగతి చాలు. మీ దగ్గర పడవలుండవు, కోట్లుండవు. కానీ ఏ సందులో మంచం దిగలేని ముసలమ్మ ఉందో, ఏ రేకుల షెడ్డులో ఒడిశా కూలీలు ఉంటున్నారో మీకు తెలుసు. బయటి నుంచి వచ్చినవాళ్లకు అది తెలియదు. పైగా వాళ్లు వెళ్లిపోయాక కూడా మీరు అక్కడే ఉంటారు. యువజన సంఘమైనా, డ్వాక్రా సమాఖ్యైనా, గుడి, చర్చి, మసీదు కమిటీ అయినా, రిజిస్టరైన ట్రస్టయినా కింద చెప్పినవన్నీ ఈ రెండు బలాల మీద నడిచే పనులే. ఉదాహరణలు వరదవి తీసుకున్నా తుపానుకు, అగ్నిప్రమాదానికి కూడా చాలావరకు వర్తిస్తాయి.

1. నీళ్లు రాకముందు: వీధి జాబితా

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది, అందరూ దాటేసేదీ ఇదే. జూన్‌లో నైరుతి వానలు మొదలయ్యేలోపు మీ పరిధిలోని ప్రతి వీధికీ ఒక కాగితం తయారుచేయండి. ఇంటి గుర్తు (డోర్ నంబరు కంటే "నీళ్ల ట్యాంకు పక్క నీలం గేటు" అన్నది బాగా పనికొస్తుంది), ఎంతమంది ఉంటారు, ఫోన్ నంబరు, మేడ ఉందా లేదా. తర్వాత అసలు గడి: ఎవరిని ముందు కదిలించాలి? నెలలు నిండిన గర్భిణి, బాలింత, డయాలసిస్‌కు వెళ్లేవారు, ఇన్సులిన్ వాడేవారు, ఒంటరి వృద్ధులు, చక్రాల కుర్చీలో ఉన్నవారు.

ఈ పని మొదటి నుంచీ మీరే చేయక్కర్లేదు. గర్భిణుల వివరాలు ఆశా కార్యకర్త, ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కేంద్రం నర్సు) దగ్గర, పసిపిల్లలవి అంగన్‌వాడీ టీచర్ దగ్గర ఉంటాయి. వీధిలో ఎవరి పరిస్థితి ఏమిటో డ్వాక్రా గ్రూపు లీడర్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వాళ్లందరినీ ఒక సాయంత్రం టీకి పిలిచి కూర్చోబెడితే సగం జాబితా అక్కడే పూర్తవుతుంది. వాళ్లు రిజిస్టర్లు మీకు ఇవ్వక్కర్లేదు, ఇవ్వకూడదు కూడా. ఏ ఇంటిని ముందు చూడాలో వేలు పెట్టి చూపిస్తే చాలు.

రేషన్ కార్డుల ఆధారంగా చేసిన ఏ జాబితాలోనూ కనిపించని వాళ్లుంటారు. కాలువగట్ల మీది యానాది కుటుంబాలు, భవన నిర్మాణానికి వచ్చిన బీహార్, ఒడిశా కూలీలు, కార్డు సొంతూళ్లో ఉండి ఇక్కడ అద్దెకున్నవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు. వీళ్ల కోసం వేరే కాగితం పెట్టండి. సాయం పంచేటప్పుడు ముందు తీయాల్సిన కాగితం అదే.

జాబితా ఫోన్లోనే కాదు, కాగితం మీద కూడా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు సెల్ టవర్లూ పడిపోయాయి. అలాంటి రోజున గూగుల్ షీట్ ఎవరికీ అక్కరకు రాదు. మూడు ప్రతులు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వేర్వేరు వీధుల్లో ఉండే ముగ్గురి దగ్గర ఉంచండి. అందులో జనాల జబ్బుల వివరాలుంటాయి కాబట్టి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టవద్దు.

2. మొదటి ఇరవై నాలుగు గంటలు

అన్నం వండటం కంటే ముందు ఒక ఫోన్ చేయండి. జిల్లా కంట్రోల్ రూమ్ నంబరు 1077, రాష్ట్ర స్థాయిలో 1070. అంబులెన్సుకు 108. విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం జిల్లాలో సహాయక చర్యలన్నిటికీ కలెక్టరే పెద్ద. మీ సంస్థ పేరు, మీరు చూసుకునే వీధులు, మీ ఫోన్ నంబరు అక్కడ నమోదై ఉంటే బారికేడ్ల దగ్గర ఆపరు, పడవ ఖాళీ అయినప్పుడు మీకు కబురు వస్తుంది. తహసీల్దార్ ఆఫీసులో గానీ, వార్డు సచివాలయంలో గానీ మీ మనిషి ఒకరు రోజంతా కూర్చుని ఉండాలి. పని చేయకుండా కూర్చున్నట్టు కనిపిస్తాడు కానీ ఆ రోజుకి అతనిదే పెద్ద పని.

పడవలు తిప్పడం ఎన్డీఆర్ఎఫ్, ఎస్డీఆర్ఎఫ్ (కేంద్ర, రాష్ట్ర విపత్తు స్పందన దళాలు), మత్స్యకారుల పని. ఉత్సాహమున్న కుర్రాళ్లు లారీ ట్యూబులు కట్టుకుని దిగుతారు. ఆపండి. ముంపు నీటి కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలియదు, తెగిన కరెంటు తీగ ఎక్కడుందో తెలియదు. మీరు చేయాల్సింది పడవవాళ్లకు దారి చెప్పడం. జాబితా పట్టుకుని పడవలో కూర్చునే స్థానికుడు ఒక్కడుంటే ఆ పడవ తిరుగుడు సగానికి సగం తగ్గుతుంది. మొదటి ట్రిప్పు ఎవరిదో ముందే రాసి ఉంటుంది కాబట్టి, గొంతు పెద్దదున్న ఇంటికే ముందు వెళ్లే అలవాటు కూడా తప్పుతుంది.

సాయంత్రానికి ఒక బోర్డు రాయండి: ఏ వీధికి వెళ్లాం, ఎవరిని తెచ్చాం, ఏ పునరావాస కేంద్రంలో దించాం, ఇంకా ఎవరు మిగిలారు. మేడ మీద ఉండిపోతామన్నవాళ్ల పేర్లు కూడా రాయాలి. ఇల్లు వదిలితే దొంగలు పడతారన్న భయంతో చాలామంది కదలరు. వాళ్లతో వాదిస్తూ పడవను ఆపవద్దు. నీళ్లు, మందులు ఇచ్చి మర్నాడు మళ్లీ అడగండి.

3. అన్నం, నీళ్లు, మందులు

వండి పంపేటప్పుడు రుచి కంటే నిలవ ముఖ్యం. అందుకే అందరూ పులిహోర చేస్తారు, అది సరైన నిర్ణయమే. చింతపండు పులిహోర పూట నిలుస్తుంది. సాంబారన్నం, పెరుగన్నం మూతపెట్టి వేడిగా ప్యాక్ చేస్తే మధ్యాహ్నానికే పులుస్తాయి. ఏది చేసినా ఆరబెట్టి కట్టండి, ప్యాకెట్ మీద వండిన టైమ్ రాయండి, నాలుగు గంటల్లోపు తినేలా పంపండి. రెండో రోజు నుంచి పులిహోర చూస్తేనే జనానికి విరక్తి పుడుతుంది. చపాతీ, ఉడికించిన గుడ్లు, అరటిపళ్లు మధ్యలో చేర్చండి. షుగర్ ఉన్నవాళ్లకు చపాతీ, గుడ్లే మేలు.

వ్యాను రోడ్డు మీద ఆపి విసరవద్దు. విసిరితే దొరికేది బలమున్నవాడికే. వీధికి ఇద్దరు, అందులో ఒకరు ఆ వీధి మహిళ, జాబితా ప్రకారం గుమ్మం దాకా వెళ్లి ఇవ్వాలి. వ్యాను లోపలికి వెళ్లలేని చోట సందు చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి బయటికి రావాలి. చివరి ఇల్లు ముందు. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే ఫ్లైఓవర్ దగ్గర జరిగిందే మళ్లీ జరగకుండా ఉంటుంది.

పసిపిల్లల విషయంలో చాలామంది దాతలకు తెలియని సంగతి ఒకటుంది. పాలపొడి డబ్బాలు, పాలసీసాలు అందరికీ పంచకూడదు. బురదనీటితో కలిపిన పాలు, సరిగా ఉడకబెట్టని సీసా పసివాడికి విరేచనాలు తెప్పిస్తాయి. తల్లిపాలు ఇస్తున్న అమ్మకు మంచినీళ్లు, రెండు పూటల తిండి, చాటుగా కూర్చోవడానికి కాస్త చోటు ఇవ్వండి. తల్లిపాలు అందని బిడ్డ ఉంటే ఏఎన్ఎంకు చెప్పి ఆ ఒక్కరికి ఏర్పాటు చేయించండి.

నీటికి అంతర్జాతీయంగా వాడే లెక్క మనిషికి రోజుకు 15 లీటర్లు. తాగడానికి, వంటకు, ఒళ్లు కడుక్కోవడానికి అన్నిటికీ కలిపి అంత. లీటరు బాటిళ్లతో ఆ లెక్క ఎప్పటికీ తేలదు, పైగా ఖాళీ బాటిళ్లు డ్రైన్లకు అడ్డం పడతాయి. ట్యాంకరు నిలబడే చోటు చూపించండి, ఇంటికో మూతున్న బకెట్టు ఇవ్వండి. సంపులు, బోర్లు మునిగిన చోట క్లోరినేషన్ మునిసిపల్ సిబ్బందితోనే చేయించాలి. చేశాక అరగంట ఆగి టెస్ట్ కిట్‌తో చూస్తే లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. కిట్ ఖరీదు పెద్దగా ఉండదు, సంస్థకు ఒకటి కొనిపెట్టుకోండి.

మందుల్లో ఓఆర్ఎస్ ప్యాకెట్లు (విరేచనాలైనప్పుడు నీళ్లలో కలిపి తాగేవి) ఎన్ని ఉన్నా పనికొస్తాయి. అవి అయిపోతే లీటరు మంచినీటిలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు, రెండూ స్పూను అంచు మేరకే, గుట్టగా కాకుండా కొలిచి కలపాలి. మిగతా మందులు మీరు పంచవద్దు. మీ పని జాబితాలోని బీపీ, షుగర్, మూర్ఛ మందులు వాడేవాళ్ల చీటీలు పోగుచేసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేర్చడం. బురదలో నడిచి గాయమైనవాళ్లను ధనుర్వాతం (టెటనస్) ఇంజెక్షన్‌కు పంపాలి. నీళ్లలో తిరిగిన వారం పది రోజులకు ఒళ్లునొప్పులతో తీవ్రమైన జ్వరం వస్తే "నీళ్లలో తిరిగాను" అని డాక్టరుకు చెప్పమనండి. ఎలుక మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ మామూలు జ్వరంలాగే మొదలవుతుంది. పాము కరిస్తే 108, నేరుగా ప్రభుత్వాసుపత్రి. పసరు మందుకని పక్క ఊరికి తీసుకెళ్లనివ్వకండి.

4. వస్తువులు: అడిగి తెప్పించుకోండి

పాత బట్టలు వద్దని మొదటి రోజే చెప్పేయండి. మొహమాటపడితే మీ ఆఫీసు గది చిరిగిన ప్యాంట్లతో, పెళ్లి చీరలతో నిండుతుంది. వాటిని ఏరడానికి పదిమంది కావాలి, మిగిలినవి రోడ్డు పక్కన కుప్ప అవుతాయి. ఇస్తే కొత్తవి ఇవ్వాలి: నైటీ, లుంగీ, తువ్వాలు, లోదుస్తులు, దుప్పటి. శానిటరీ ప్యాడ్లు మహిళా కార్యకర్తల చేత ఇప్పించండి. వాటితో పాటు నల్ల కవరు, ఒక సబ్బు.

ప్రభుత్వం ఏమి ఇస్తోందో తెలుసుకున్నాకే కిట్ తయారుచేయాలి. విజయవాడ వరదలో ప్రభుత్వ కిట్‌లో 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, కిలో పంచదార, లీటరు నూనె, రెండేసి కిలోల ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఉన్నాయి. అలాంటప్పుడు మీరూ బియ్యమే ఇస్తే ఏం లాభం? స్టవ్వు బురదలో ఉంది, గిన్నెలు కొట్టుకుపోయాయి, చాప లేదు. రెండు గిన్నెలు, గరిటె, పళ్లాలు, స్టవ్వు రిపేరు, దోమతెర, టార్చిలైటు. ఈ కిట్ ఫోటోలో అంత గొప్పగా కనిపించదు, కానీ ఆ ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలుగుతుంది.

దాతలకు ప్రతి సాయంత్రం ఒక మెసేజ్ పెట్టండి: ఈ రోజు కావలసినవి ఇవి, ఇన్ని, ఇవి వద్దు, చాలినన్ని ఉన్నాయి. "వద్దు" అన్న వరుస ఉంటేనే "కావాలి" అన్న వరుసను నమ్ముతారు.

5. డబ్బు

విపత్తు సమయంలో సంస్థల పేరు చెడగొట్టేది డబ్బే. దొంగతనాలతో పాటు లెక్క రాయకపోవడం వల్ల కూడా చెడుతుంది. ప్రెసిడెంటు గారి సొంత ఫోన్‌పే నంబరుకు డబ్బు వేయించుకోవద్దు. సంస్థ బ్యాంకు ఖాతాకు క్యూఆర్ కోడ్ తీసుకోండి. రిజిస్టరు కాని సంఘమైతే వసూలు మానేసి, ఒక కిరాణా హోల్‌సేల్ షాపులో ఖాతా తెరిచి దాతల చేత నేరుగా అక్కడే కట్టించండి, బిల్లు మీరు తెచ్చుకోండి.

విరాళాలకు ఆదాయపు పన్ను మినహాయింపు (80జీ) ఉన్న సంస్థలు దాతలకు రెండు సంగతులు ముందే చెప్పాలి. 2,000 రూపాయలు దాటిన నగదుకు మినహాయింపు రాదు. బియ్యం బస్తాలు, దుప్పట్లలాంటి వస్తువులకు అసలే రాదు.

మనవాళ్లు అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నారు, టీవీలో చూసి వెంటనే పంపుతామంటారు. ఇక్కడ చాలా సంస్థలు తెలియక చిక్కుల్లో పడతాయి. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అమెరికాలో రిజిస్టరైన తెలుగు సంఘం పంపినా అంతే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి ఉండాలి, ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. "అనుమతి ఉన్న పెద్ద సంస్థ తీసుకుని మీకు ఇస్తుంది" అన్న దారి కూడా 2020 సవరణతో మూసుకుపోయింది. కాబట్టి పాస్‌పోర్టు ఏదని అడగడానికి సిగ్గుపడకండి. విదేశీ పౌరులైన మీ బంధుమిత్రులను ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థకే నేరుగా ఇవ్వమనండి. ఆ సంస్థ మీ వీధుల్లో సొంతంగా ఖర్చుపెట్టేటప్పుడు మీరు జాబితా ఇచ్చి, మనుషులను ఇచ్చి తోడుండవచ్చు.

లెక్కలు వారానికోసారి వీధి బోర్డు మీద అంటించండి. వచ్చింది, ఖర్చయింది, మిగిలింది. డీజిల్, ఆటో కిరాయి, కార్యకర్తల భోజనం కూడా రాయండి. వాటిని దాచి "ప్రతి రూపాయీ బాధితులకే" అని చెప్పడం నాకు నచ్చదు, బియ్యం నడిచి రావు కదా.

ఫోటోల గురించి ఒక మాట. ఆడపిల్లల చేతిలో కిట్ పెట్టి, పక్కన నాయకుణ్ణి నిలబెట్టి తీసే ఫోటో మానేయండి. దాతకు రుజువు కావాలంటే స్టాకు ఫోటో, బిల్లు, సంతకాల షీటు పంపండి. దానితో తృప్తి చెందని దాతను వదులుకున్నా నష్టం లేదు.

6. వ్యాన్లు వెళ్లిపోయాక

నాలుగైదు రోజులకు కెమెరాలు తగ్గుతాయి. ఎక్కువ మంది సేవ ముగిసిందనుకునే ఈ సమయంలోనే స్థానిక సంస్థకు అసలు పని మొదలవుతుంది.

ముందు బురద. విజయవాడలో ఫైరింజన్లు పెట్టి ఇళ్లు కడిగించారు, కానీ ఫైరింజను పట్టని సందులు బోలెడు. ఒక మోటారు, పొడవాటి పైపు, పారలు, తట్టలు, గమ్‌బూట్లు, బ్లీచింగ్ పౌడర్‌తో అయిదుగురు చొప్పున జట్లు కట్టండి. ముందు వృద్ధులు, ఒంటరి మహిళల ఇళ్లు. కడగడానికి ముందే సామాను పాడైన తీరు, గోడ మీద నీటి మరక ఎత్తు కనిపించేలా ఇంటివాళ్ల ఫోన్‌లోనే ఫోటోలు తీయించండి. కడిగేస్తే నష్టానికి రుజువు పోతుంది. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయవద్దని, మునిగిన బండికి మెకానిక్ చూసేదాకా కిక్ కొట్టవద్దని ఇంటింటికీ చెప్పండి. ఇంజన్లోకి నీరు వెళ్లాక స్టార్ట్ చేస్తే బీమా కంపెనీ క్లెయిమ్‌కు అడ్డుచెప్పే అవకాశం ఉంది.

తర్వాత నష్టం సర్వే. చిన్న సంస్థ ఒక కుటుంబానికి ఇప్పించగలిగిన అతి పెద్ద సాయం ఇదే. మీ కిట్ ఖరీదు వేయి, రెండు వేలు ఉంటుంది. విజయవాడ ముంపులో గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు ప్రభుత్వం ప్రకటించిన సాయం 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్లకు 10,000. జాబితాలో పేరు లేకపోతే ఆ డబ్బు లేదు. పేరు తప్పిపోవడానికి కారణాలు ఎప్పుడూ అవే: సర్వేకు వచ్చిన పూట ఇంట్లో మనిషి లేకపోవడం, ఇంటి యజమాని పేరు రాసి అద్దెకున్నవాళ్లను వదిలేయడం, ఆధార్‌లో పాత అడ్రసు ఉండటం, బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు తెగి ఉండటం.

కాబట్టి సర్వే బృందం వచ్చే రోజు ముందే తెలుసుకుని వీధిలో చాటించండి. బంధువుల ఇళ్లకు వెళ్లినవాళ్లకు మీ జాబితాలోని నంబరుకు ఫోన్ చేయండి. అద్దె ఇళ్లవాళ్ల చేత కరెంటు బిల్లు, గ్యాస్ బుక్, పిల్లల స్కూలు కాగితం, ఏది ఉంటే అది సిద్ధం చేయించండి. సచివాలయంలో జాబితా అంటించగానే మీ వీధి కాగితంతో పోల్చి చూడండి. లేని పేర్లన్నిటికీ ఒకే రోజు అర్జీలు రాయించి, కలెక్టరేట్‌లో ఇచ్చి, రసీదు తీసుకోండి. ఒక్కొక్కరూ వెళితే "మళ్లీ రండి" అంటారు. నలభై అర్జీలు నంబర్లు వేసి, పైన ఒక పట్టిక పెట్టి తీసుకెళ్తే కుర్చీ వేసి మాట్లాడతారు.

పోయిన కాగితాలకు ఒక శిబిరం పెట్టండి. ఆధార్ మళ్లీ తీయించడం, కొత్త పాస్‌బుక్ ఇప్పించడం, రేషన్ కార్డు, పిల్లల మార్కుల జాబితాలకు డిజీలాకర్ (పత్రాలు ఫోన్లోనే దొరికే ప్రభుత్వ యాప్) చూడటం. ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రింటర్, ఓపికున్న ఇద్దరు డిగ్రీ విద్యార్థులు చాలు. బండ్ల బీమా, తోపుడు బండ్లవాళ్ల, కుట్టుమిషన్లవాళ్ల చిన్న అప్పుల వాయిదాల గురించి కూడా అక్కడే మాట్లాడేలా బ్యాంకు మనిషిని రమ్మని అడగండి. మీ చేతిలో కొంచెం డబ్బు మిగిలి ఉంటే దానికి సరైన చోటు ఇదే. ఇడ్లీ బండి ఆయన స్టవ్వు, గ్రైండరు బాగుచేయిస్తే ఆ ఇల్లు తనంతట తాను నిలబడుతుంది.

నిద్రపట్టని వాళ్లు, వాన చప్పుడుకే వణికే పిల్లలు నెల తర్వాత కూడా కనిపిస్తారు. వాళ్లకు ధైర్యం చెప్పే ఉపన్యాసాలు వద్దు, కూర్చుని వినండి. బాగా ఇబ్బంది పడుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. మీ కార్యకర్తలకూ అది వర్తిస్తుంది. వాళ్లలో చాలామంది ఇళ్లు కూడా మునిగే ఉంటాయి. అలాంటివాళ్లకు మొదటి రెండు రోజులు పని చెప్పకండి, వాళ్ల ఇల్లు కడిగే జట్టును ముందు పంపండి.

7. మూడు నెలల తర్వాత

ఒక ఆదివారం అందరినీ పిలవండి. మీ సభ్యులతో పాటు సాయం అందుకున్నవాళ్లు, అందలేదని తిట్టినవాళ్లు, ఆశా కార్యకర్త, సచివాలయం ఉద్యోగి కూడా రావాలి. తిట్టినవాళ్లకే ముందు మాట్లాడే అవకాశం ఇవ్వండి. ఏ సందుకు వెళ్లలేకపోయాం, ఎవరి పేరు మన కాగితంలో లేదు, ఏ వస్తువు కుప్పలుగా మిగిలింది అన్నవి రాసుకోండి. ఆడిట్ చేయించిన లెక్కలు ఆ రోజే చదివి వినిపించండి.

మిగిలిన టార్పాలిన్లు, బూట్లు, పైపులు, మోటారు కడిగి ఎండబెట్టి, ముంపు రాని ఎత్తైన గదిలో పెట్టండి. తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉండాలి. పెట్టె మూత మీద వస్తువుల లిస్టు, పక్కన కొత్తగా దిద్దిన వీధి జాబితా ప్రతి ఒకటి. వచ్చే మే నెలాఖరున దాన్ని తెరిచి, మారిన ఫోన్ నంబర్లు సరిచేసే బాధ్యత ఎవరిదో ఆ సమావేశంలోనే పేరు పెట్టి రాయండి.